యంత్రం కళ్ళు తెరిచేలోగా

బార్బర్ వేడి తువ్వాలు కస్టమర్ ముఖం మీద పరిచి, బ్లేడు మార్చుకోడానికి అటు తిరిగాడు. పక్క కుర్చీలో పేపరు చదువుకుంటున్న మనిషి లేచి నిలబడ్డాడు. క్రీమ్ కలర్ సూటు, జేబులో మడతపెట్టిన సిల్కు రుమాలు, అద్దంలా మెరిసే బూట్లు. బయటికి పోతూ పోతూ కస్టమర్ కుర్చీ వెనక ఒక్క క్షణం ఆగి, పాత స్నేహితుణ్ణి పలకరిస్తున్నట్టు అతని మెడ మీద చెయ్యి వేశాడు. ఆ చేతి ఉంగరంలోంచి సన్నని సూది బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయింది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

బార్బర్ తువ్వాలు తీసేసరికి కస్టమర్ కళ్ళు తెరిచే ఉన్నాయి. చూడ్డం మాత్రం మానేశాయి.

చనిపోయినవాడు ఊరికి ఎగువనున్న ఆనకట్టలో జూనియర్ ఇంజనీరు. గేట్లు ఎత్తి దించే కంప్యూటర్ల దగ్గర డ్యూటీ. ఆ సంగతి అందరికీ తెలుసు. డిపార్ట్‌మెంటుకి రహస్యంగా కబుర్లు అందిస్తాడన్న సంగతి ఇద్దరు ముగ్గురికే తెలుసు. షాపులోకి అడుగుపెట్టే ముందు అతను వీధిలో నిలబడి ఒక కళ్ళద్దాల దుకాణానికి ఫోన్ చేశాడు. కళ్ళజోడు రిపేరు గురించి అడుగుతున్నట్టే అడిగి, మధ్యలో గొంతు తగ్గించి ఒక్క మాట అన్నాడు.

"దాన్ని లేచాక చూస్తే లాభం లేదు. లేస్తున్నప్పుడు చూడమనండి."

*

కళ్ళద్దాల దుకాణంలో ముందు గది అందరిదీ. ఫ్రేములు పెట్టిన అద్దాల బీరువాలు, గోడ మీద పెద్దక్షరాల నుంచి చిన్నక్షరాలకు దిగే చార్టు, దాని ముందు కళ్ళు చిట్లించుకుని కూర్చున్న జనం. ఆ చార్టు వెనక ఒక తలుపుంది. తలుపు వెనక డిపార్ట్‌మెంటు.

అది ప్రభుత్వ గూఢచారి శాఖ, అక్కడ ఎవరి అసలు పేరూ ఎవరూ పలకరు. చీఫ్‌ని పెద్దాయన అంటారు. ఆ ఉదయం ఆయన కబురు పెట్టి పిలిపించిన ఏజెంటుని తూనీగ అంటారు. ట్రైనింగులో పడ్డ పేరది. మనిషి సన్నం. ఎక్కడ వాలాడో కనిపెట్టడం కష్టం. పట్టుకోబోతే ఉండడు.

పెద్దాయన కూర్చోమనలేదు. అంటే పని ముంచుకొచ్చిందని అర్థం. టేబుల్ మీద ఆనకట్ట మ్యాపు పరిచి, నీలం రంగు మీద వేలు పెట్టి, చెప్పాల్సింది గబగబా చెప్పుకుపోయాడు.

ఎగువన వారంగా వానలు. రిజర్వాయరు అంచుదాకా నిండింది. పాత కంట్రోల్ ప్యానెల్ నిన్ననే ఊడదీశారు. దాని స్థానంలో ఒక విదేశీ కంపెనీ సరఫరా చేసిన కొత్త కంట్రోలర్లు బిగించారు. గేటుకొకటి. అన్నీ లినక్స్ మీద నడిచే చిన్న కంప్యూటర్లు. మధ్యాహ్నం సభ, మంత్రిగారు బటన్ నొక్కుతారు, అన్నీ ఒకేసారి ఆన్ అయి గేట్లని జానెడు పైకెత్తుతాయి. కార్యక్రమం ఇది. కానీ ఆ కంపెనీ పైకి కంపెనీ, లోపల ఒక గూఢచారి ముఠా. కంట్రోలర్లలో ఒక స్క్రిప్టు దాచారని డిపార్ట్‌మెంటుకి ముందే ఉప్పందింది. తనిఖీ వాళ్ళు ఆ స్క్రిప్టుని పట్టుకున్నారు కూడా. నడుస్తున్న యంత్రంలో పెట్టి చూశారు. అది 'సెన్సార్ సరిగా ఉంది' అని ఒక ముక్క రాసి బుద్ధిగా వెళ్ళిపోయింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ అదే. లోపల ఉన్నదంతా మెలికలు తిప్పిన అక్షరాల మూట, విప్పడం వాళ్ళ వల్ల కాలేదు. సెన్సార్ డ్రైవరని కంపెనీ చెప్పింది, వీళ్ళు సరేనన్నారు.

"ఈ పొద్దున మన కుర్రాడు చచ్చిపోయాడంటే సరే అనడానికి లేదు" అన్నాడు పెద్దాయన.

సభ ఆపించవచ్చు కదా అని తూనీగ అడిగాడు. ఆపితే ఇంకా ప్రమాదం అన్నాడాయన. పాత ప్యానెల్ లేదు. కొత్తవి ఆన్ కాకపోతే ఒక్క గేటూ లేవదు. సాయంత్రానికి నీళ్ళు కట్ట మీంచి పొర్లుతాయి. ఆన్ అయ్యాక గేట్లన్నీ ఒక్కసారిగా పైకి లేచినా అంతే సంగతులు. కట్ట కిందే కార్మికుల క్వార్టర్లు, బడి, ఆ తరవాత ఊరు. ఎటు చూసినా మునగడమే.

తరవాత పెద్దాయన మ్యాపు మడుస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు, కంపెనీ తరఫున ఇన్‌స్టలేషన్ చూస్తున్నది సంపెంగ అని.

తూనీగ ముఖంలో ఏ మార్పూ లేదు. చెయ్యి మాత్రం కుర్చీ వీపుని గట్టిగా పట్టుకుంది.

సంపెంగ డబుల్ ఏజెంటు. ముఠాకి తమ మనిషి, డిపార్ట్‌మెంటుకి తమ మనిషి. ఆమె గదిలోకి వస్తే మీటింగులో మాట్లాడుతున్నవాడు ఏం మాట్లాడుతున్నాడో మర్చిపోతాడని ప్రతీతి. ఇవన్నీ ఫైల్లో ఉన్న సంగతులు. ఫైల్లో లేని సంగతి, ఆమె తూనీగకి స్వయానా వదిన. అన్నయ్యా ఇదే డిపార్ట్‌మెంటులో పనిచేశాడు. సరిహద్దు దాటి వెనక్కి రావలసిన రోజున వంతెన దారి క్షేమం అని ఆమె కబురు పంపింది. వంతెన మీద ముఠా మనుషులు కాచుకుని ఉన్నారు. మూత తెరవడానికి వీల్లేని పెట్టె ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచి తూనీగ వదినతో మాట్లాడలేదు. ఆమె అన్నయ్యని అమ్మేసిందని ఎవరితోనూ అనలేదు. లోపల మాత్రం ఆ మాట అలాగే కూర్చుని ఉంది.

"ఇంకెవర్నైనా పంపండి సార్."

"పంపేవాణ్ణే. మా మరిది వస్తేనే నోరు విప్పుతానంది."

*

ఆనకట్ట కంట్రోల్ భవనంలోకి ఏసీ మెకానిక్కు ఒకడు వెళ్ళాడు. నీలం ఓవరాల్, గుబురు మీసం, ఒక చేతిలో టూల్ బాక్సు, భుజాన కూలింగ్ గ్యాస్ సిలిండరు, చెవిలో వినికిడి మిషను. వినికిడి మిషను నిజానికి రేడియో. టూల్ బాక్సులో స్క్రూడ్రైవర్ పిడి తిప్పితే పెన్‌డ్రైవ్ బయటపడుతుంది. రేడియో అవతలి కొసన, కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో టీచరమ్మ కూర్చుని ఉంది. ఒకప్పుడు కాలేజీలో కంప్యూటర్లు నేర్పిన మనిషి. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా హోంవర్కు దిద్దుతున్నట్టే ఉంటుంది. మీసం అంటించుకునేప్పుడే తూనీగకి చెప్పింది, అర్థంకానిది అర్థమైందని తల ఊపొద్దని.

సెక్యూరిటీ వాడు సిలిండరు మీద తట్టి చూసి పొమ్మన్నాడు. పై అంతస్తులో కిటికీలోంచి రిజర్వాయరు కనిపించింది. గోధుమరంగు నీళ్ళు కట్ట అంచుని నాకుతున్నాయి. రెండో వైపు కింద, సభ కోసం వేసిన కుర్చీలు, వాటి అవతల క్వార్టర్ల డాబాల మీద ఆరేసిన బట్టలు. ఎవరో పిల్ల డాబా మీద తాడాట ఆడుతోంది. తూనీగ అటు ఎక్కువసేపు చూడలేదు.

సర్వర్ గది ముందు సంపెంగ నిలబడి ఉంది. ముదురు ఆకుపచ్చ చీర, మెడలో వెండి గొలుసుకి బొటనవేలంత లాకెట్. జుట్టులో అక్కడక్కడా తెలుపు తొంగిచూస్తోంది. దాన్ని ఆమె దాచుకోలేదు.

"ఇక్కడ చలెక్కువా, నాకే అలా ఉందా?" అంది.

"జ్వరం ఉన్నవాళ్ళకి అలాగే ఉంటుంది మేడమ్" అన్నాడు తూనీగ. అది ఇద్దరికీ ఇచ్చిన కోడ్. తలుపు మూసుకున్నాక ఆమె కాసేపు అతని ముఖంలోకి చూసి, మీసం బాగాలేదు చిన్నా అంది. ఇంట్లో పిలుపు అది. తూనీగ నిచ్చెన వేసుకుని ఏసీ గ్రిల్లు విప్పుతూ, చెప్పదలుచుకున్నది చెప్పండి అన్నాడు. ఒకప్పుడు ఆమెను నువ్వు అనేవాడు.

ఆ 'చెప్పండి' ఆమెకి తగలాల్సిన చోటే తగిలింది. అయినా పనిలోకి దిగింది.

కంప్యూటర్ ఆన్ చెయ్యగానే సిద్ధమైపోదని చెప్పింది. అసలు ఇల్లు డిస్కులో ఉంటుంది, దానికి తాళం వేసి ఉంటుంది. అందుకని ముందు మెమరీలో ఒక డేరా వేసుకుంటుంది. తాళంచెవులు, అవసరమైన నాలుగు సామాన్లు ఆ డేరాలో ఉంటాయి. వాటితో ఇంటి తలుపు తెరిచి లోపలికి వెళ్ళాక డేరా ఎత్తేస్తుంది. డేరా ఉన్న ఆ కాసేపటినే ఎర్లీ బూట్ అంటారు. కాపలా కాసే ప్రోగ్రాములు, గేటు ఇంతకుమించి లేవకూడదనే హద్దులు, అలారాలు, అన్నీ ఇంట్లో ఉంటాయి. డేరాలో ఏవీ ఉండవు.

"స్క్రిప్టుని డేరాలో పెట్టారు. అది లేవగానే ముందు తానెక్కడుందో చూసుకుంటుంది. డేరాలో ఉంటే పని మొదలుపెడుతుంది. ఇంట్లో ఉంటే, ఎవరో తనని పరీక్ష చేస్తున్నారని అర్థం చేసుకుని, మంచిపిల్లలా ఒక ముక్క చెప్పి తప్పుకుంటుంది."

తానెక్కడుందో దానికి తెలిసేదెలా అని టీచరమ్మ తూనీగ చెవిలో అడిగింది. తూనీగ అదే ప్రశ్న పైకి అడిగాడు. డేరాకి ఒక గుర్తుంటుందని వదిన చెప్పింది. ఈటీసీ అనే ఫోల్డర్లో ఇనిట్‌ఆర్‌డి-రిలీజ్ అని ఒక ఫైల్. డేరాలోనే ఉంటుంది, ఇంట్లో ఉండదు. స్క్రిప్టు దానికోసమే వెతుకుతుంది.

తూనీగ నిచ్చెన దిగి, స్క్రూడ్రైవర్ పిడి తిప్పి, స్క్రిప్టుని కాపీ చేసి పంపించాడు. అవతల కీబోర్డు టకటకలాడింది. టీచరమ్మ తన పరీక్షా యంత్రంలో ఆ పేరుతో ఒక ఖాళీ ఫైల్ సృష్టించింది. అందులో ఒక్క అక్షరం కూడా లేదు. పేరే చాలు. తరవాత స్క్రిప్టుని వదిలింది.

ఈసారి అది బుద్ధిగా వెళ్ళిపోలేదు. మెలికల మూట తనంతట తానే విప్పుకుంది. టీచరమ్మ చదివి వినిపించింది, ఆమె గొంతులో హోంవర్కు దిద్దే ధోరణి లేదు. గేట్లన్నీ పూర్తిగా ఎత్తు. ఎత్తాక మోటార్లకి కరెంటు పెంచి కాల్చెయ్. అంటే మళ్ళీ దించడానికి ఉండదు.

పొద్దున చనిపోయిన కుర్రాడు కూడా ఇదే చూసి ఉంటాడని తూనీగకి తట్టింది. ట్రయల్ వేసినప్పుడు, స్క్రీను వెలగకముందే ఏదో గేటు కదిలి ఉంటుంది, వెంటనే కరెంటు తీసేసి ఉంటాడు.

*

పెద్దాయన మంత్రిగారి ఆఫీసుకి ఫోన్ చేశాడు. తనిఖీ అయిపోయింది కదా అన్నారు వాళ్ళు. నీళ్ళ మట్టం ఇప్పటికే గీత దాటింది, బటన్ నొక్కే కార్యక్రమం ఇంకా ముందుకు జరిపారు. మైకులో ఎవరో వక్తలని త్వరగా ముగించమంటున్న గొంతు సర్వర్ గదిలోకి వినిపిస్తోంది.

దారి ఒకటుందని వదిన అంది. కంట్రోలర్లన్నీ ఆన్ అవగానే డేరాని ఈ సర్వర్ నుంచే నెట్‌వర్కు మీద తెచ్చుకుంటాయి. డేరా మూట ఒక్కటే, దాన్ని మారిస్తే అన్నింటికీ మారినట్టే. కాకపోతే కంపెనీ డిజిటల్ సంతకం లేని మూటని అవి ముట్టుకోవు. ఆ సంతకం తాళంచెవి ఆమె మెడలోని లాకెట్లో ఉంది.

"మూట విప్పి ఆ గుర్తు ఫైల్ తీసెయ్. స్క్రిప్టు ఇంట్లో ఉన్నాననుకుని తప్పుకుంటుంది. నేను సంతకం పెడతాను."

తూనీగ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మూట విప్పడం టీచరమ్మ ఒక్కొక్క కమాండే చెప్పి చేయించింది. ఫైల్ కనిపించింది. చెరిపెయ్యడానికి కమాండు టైపు చేశాడు. ఎంటర్ మీద వేలు పెట్టాడు.

"ఆగు" అంది టీచరమ్మ.

ఆ ఫైల్‌ని వెతికేది స్క్రిప్టు ఒక్కటే కాదని చెప్పింది. యంత్రాన్ని లేపే అసలు ప్రోగ్రాము కూడా దాన్నే చూస్తుంది. అది కనిపిస్తేనే తానింకా డేరాలో ఉన్నానని, ఇంటి తలుపు తెరవాలని దానికి తెలుస్తుంది. కనిపించకపోతే ఇంట్లోకి వచ్చేశాననుకుంటుంది, లేని సామాన్ల కోసం వెతుక్కుంటూ డేరాలోనే కూలబడుతుంది. కంట్రోలర్లు లేవవు. గేట్లు కదలవు. సాయంత్రానికి నీళ్ళు కట్ట దాటుతాయి.

తూనీగ వేలు వెనక్కి తీసుకున్నాడు. మెల్లగా కుర్చీ తిప్పి వదిన వైపు చూశాడు. ఓవరాల్ లోపల పిస్టలుంది. చెయ్యి అటు వెళ్ళింది కానీ తియ్యలేదు.

"ఫైల్ తీసెయ్యమని మీకెవరు చెప్పారు?"

ఆమెకి ప్రశ్న అర్థం కాలేదు. అతను టీచరమ్మ చెప్పినదంతా చెప్పాడు. వినేకొద్దీ ఆమె ముఖంలో రంగు పోయింది. నటన అనుకోడానికి అందులో ఏమీ మిగల్లేదు. గోడకి చేరబడింది.

పెళ్ళికొడుకు చెప్పాడంది. ముఠాలో ఆమె పైవాడు. ఎప్పుడు చూసినా పీటల మీదికి వెళ్తున్నట్టు తయారై ఉంటాడని ఆమే పెట్టిన పేరు. డిన్నర్లో రెండు గ్లాసులు తాగి, నవ్వుతూ, ఆ ఒక్క ఫైల్ ఎవరైనా తీసేస్తే మా కష్టమంతా గోవిందా అన్నాడు. అంత తేలిగ్గా నోరు జారాడేమిటని ఆమె అప్పుడు లోలోపల మురిసిపోయింది.

"జారలేదు" అంది ఇప్పుడు. "మీరు కనిపెట్టినా ఊరు మునిగేట్టు, నా చేత మీకు చేరవేయించాడు."

కింద చప్పట్లు వినిపించాయి. ఎవరి ఉపన్యాసమో అయిపోయింది.

ఆమె లాకెట్ని పిడికిట్లో పట్టుకుని అలాగే నిలబడింది. తరవాత మాట్లాడింది తూనీగతో కాదు, తనలో తానే కూడికలు వేసుకుంటున్నట్టుంది.

"వంతెన దారిలో కాపలా లేదని చెప్పింది కూడా వాడే చిన్నా. అలాగే. భోజనాల దగ్గర. మాటల్లో మాటగా."

తూనీగ చెయ్యి పిస్టలు మీంచి కిందికి దిగింది. ఇన్నేళ్ళుగా మోస్తున్న మాట లోపల పక్కకి జరిగింది. దాని స్థానంలోకి వచ్చినది అంతకన్నా తేలికగా ఏం లేదు. అన్నయ్యని ఆమె అమ్మలేదు. తెలియక, తన చేత్తోనే అప్పగించింది. అదిప్పుడే, ఈ గదిలో, అతని ఎదుటే ఆమెకి తెలిసింది.

"వాళ్ళకి నా సంగతి అప్పట్నించే తెలుసు. నేను డబుల్ ఏజెంటునేంటి, వాళ్ళు ఏది పోస్తే అది మీకు చేర్చే గొట్టాన్ని" అంది.

ఏడవడానికి వ్యవధి లేదు. ఆమె ఏడవలేదు కూడా. టీచరమ్మనడుగు, ఇంకో దారి చెప్పమను అంది.

టీచరమ్మ అప్పటికే స్క్రిప్టు మొదటి వరస చదువుతోంది. ఆ ఫైల్ లేకపోతే వెళ్ళిపో అని రాసి ఉంది. ఆ 'లేకపోతే' అన్నది ఒక చిన్న గుర్తు. మనం ఆశ్చర్యార్థకం అంటాం, అక్కడ దానికి 'కాదు' అని అర్థం. ఆ గుర్తు చెరిపేస్తే అదే వరస 'ఫైల్ ఉంటే వెళ్ళిపో' అవుతుంది. ఫైల్ దాని చోట అది ఉంటుంది, యంత్రం మామూలుగా లేస్తుంది. స్క్రిప్టు మాత్రం డేరాలో గుర్తు చూసి వెనక్కి తిరుగుతుంది. ఇంట్లోకి అదెలాగూ రాదు, డేరాతోనే పోతుంది.

ముందు తన యంత్రంలో పెట్టి చూసింది. స్క్రిప్టు డేరాలోనే 'సెన్సార్ సరిగా ఉంది' అని తప్పుకుంది.

"చెరిపెయ్. ఒక్కటే అక్షరం. పక్కది ముట్టుకున్నావంటే చూడు" అంది.

తూనీగ చెరిపాడు. మూట మళ్ళీ కట్టే కమాండు కొట్టాడు. ఇప్పుడు సంతకం.

వదిన గొలుసు తలమీంచి తీసింది. సంతకం పడగానే ఆ కబురు ఆమె పేరుతో సహా పెళ్ళికొడుకు ఫోనుకి వెళ్తుందని అప్పుడు చెప్పింది. వాడు కిందే, మొదటి వరసలో కూర్చుని ఉన్నాడు. సంతకం పెట్టాక ఆమెకి ఏ వైపూ దాక్కునే చోటుండదు.

నమ్మాలా వద్దా అన్నది తూనీగ ఆలోచించలేదు. తనలో అలా ఆలోచించే మనిషి ఆ వంతెన దగ్గరే ఉండిపోయాడు. లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు.

"కూర్చో వదినా. తలుపు నేను చూసుకుంటాను. నువ్వు సంతకం పెట్టు."

ఆ 'నువ్వు' విని ఆమె ఒకసారి అతని వైపు చూసింది. లాకెట్ సర్వర్లో గుచ్చింది.

*

పెళ్ళికొడుకు మెట్లెక్కి రావడానికి ఎంతో సేపు పట్టలేదు. తలుపు తన్ని తెరిచాడు. క్రీమ్ సూటు నలగలేదు. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టలుంది. సిలిండరుతో మళ్ళీ నిచ్చెన ఎక్కి ఉన్న ఏసీ మెకానిక్కుని అతను చూశాడు, కానీ మనిషిని చూసినట్టు చూడలేదు. పిస్టలు వదిన వీపు వైపు తిరిగింది.

కిందనుంచి మైకు మోగింది. మంత్రిగారు ఇప్పుడు తమ అమృతహస్తాలతో బటన్ నొక్కబోతున్నారు.

పాత మూట స్థానంలోకి కొత్త మూట ఎక్కుతోంది. స్క్రీను మీద గీత సగం దాటింది. లేచి పక్కకి తప్పుకుంటే ఆమె బతుకుతుంది. అయితే లాకెట్ సర్వర్లో వదులుగా కూర్చుంది, కదిలితే సంతకం చెడిపోతుంది. ఆమె రెండు చేతులతో దాన్ని అదిమిపట్టుకుని కదలకుండా కూర్చుంది.

పిస్టలు తీసే వ్యవధి లేక, తూనీగ సిలిండరు మూత తిప్పి గొట్టం పెళ్ళికొడుకు ముఖం మీదికి వదిలాడు. తెల్లటి చల్లటి పొగ బుస్సుమంది. తుపాకీ పేలింది. తూనీగ నిచ్చెనతో సహా వాడి మీద పడ్డాడు. కళ్ళు కనపడకపోయినా వాడు బలంగానే పెనుగులాడాడు. ఉంగరం ఉన్న చెయ్యి తూనీగ మెడ కోసం తడుముకుంటూ వచ్చింది. దాన్ని మణికట్టు దగ్గర పట్టుకుని, నిచ్చెన మెట్ల మధ్య దూర్చి మెలిపెట్టాడు. ఎముక విరిగిన చప్పుడయ్యింది. గట్టిగా అరిచి వాడు వదిలేశాడు.

చప్పట్లు. బటన్ నొక్కారు.

తూనీగ తలెత్తి చూశాడు. గీత చివరికంటా వెళ్ళి ఆగింది. ఆ వెంటనే, సర్వర్ తలుపు తట్టినట్టు, కంట్రోలర్లు ఒకదాని వెనకొకటి మూట కోసం వచ్చాయి. స్క్రీను మీద వరసలు పరిగెత్తాయి. డేరా లేచింది. డిస్కు తాళం తెరుచుకుంది. మధ్యలో ఒకచోట 'సెన్సార్ సరిగా ఉంది' అని వచ్చి, పైకి జరిగి, కనపడకుండా పోయింది. కాపలా ప్రోగ్రాములు లేచాయి. కిటికీ బయట ఏదో పెద్ద జంతువు ఒళ్ళు విరుచుకున్నట్టు మోటార్లు మూలిగాయి. గేట్ల అడుగునుంచి నీళ్ళు జానెడు మందాన, తెల్లగా, వరసగా దూకాయి.

అంతకుమించి గేట్లు లేవలేదు. కింద డాబా మీద పిల్ల తాడాట ఆపి, నీళ్ళని చూడ్డానికి పిట్టగోడ దగ్గరికి వచ్చింది.

వదిన ఇంకా లాకెట్ని అదిమే ఉంది. ఆకుపచ్చ చీర మీద, భుజం కింద, మరక నల్లగా పాకుతోంది.

"అయిందా చిన్నా?"

అయిందన్నాడు. అప్పుడు చేతులు వదిలేసింది.

*

ఆస్పత్రి వరండాలో ఫినాయిల్ వాసన. ఆపరేషన్ అయింది, బతుకుతుంది, చెయ్యి మునుపట్లా లేవడం మాత్రం అనుమానమే అని సర్జన్ చెప్పి వెళ్ళాడు. రేడియోలో పెద్దాయన మాట్లాడుతున్నాడు. పెళ్ళికొడుకు దొరికాడు, వాడి ఫోనులోంచి ముఠా మొత్తం బయటికొస్తోంది, మంత్రిగారు చాలా సంతోషంగా ఉన్నారు.

తూనీగ అంతా విని ఒక్క ప్రశ్న అడిగాడు. వంతెన కబురు ముఠా కావాలని ఆమె చేత పంపించిందని డిపార్ట్‌మెంటుకి ఎప్పుడు తెలిసింది?

అవతల పెద్దాయన ఏదో ఫైలు మూసిన చప్పుడయ్యింది.

"రుజువు లేదు. అనుమానం ఉండేది" అన్నాడు పెద్దాయన చివరికి. "వాళ్ళు ఆవిడ ద్వారా పంపే అబద్ధాలు కూడా మనకి పనికొచ్చేవి."

ఆయన ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. తూనీగ చెవిలోంచి మిషను తీసి చేతిలో పట్టుకున్నాడు. ఈగ గొంతులాంటి చిన్న గొంతు అందులోంచి కాసేపు వినిపించి ఊరుకుంది. దాన్ని పక్కనున్న చెత్తబుట్టలో వేశాడు. ఆ పనికి రేపు సంజాయిషీ ఇవ్వాల్సి ఉంటుంది. ఇస్తాడు. పొద్దున చచ్చిపోయిన కుర్రాడి ఇంటికి ఎవరు వెళ్తారో కూడా అడుగుతాడు. వదిన లేచాక ఆమెతో ఏం మాట్లాడాలో మాత్రం తెలియలేదు. అన్నయ్య గురించి మాట్లాడుకోవాలి. ఇన్నేళ్ళూ మాట్లాడుకోనిదంతా ఒకేసారి కాదు, కొంచెం కొంచెంగా.

నర్సు తలుపు ఓరగా తెరిచి, పేషెంటుకి మెలకువ వచ్చిందని, ఎవరినో చిన్నా అని పిలుస్తోందని చెప్పింది. తూనీగ లేచాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఏమవుతారని అడిగింది.

"మరిదిని."

దగ్గరి బంధువుల్నే పంపుతామని, ఏదైనా గుర్తింపు కార్డు చూపించమని అంది నర్సు.

తూనీగ జేబులన్నీ తడుముకున్నాడు. ఏసీ మెకానిక్కు కార్డు దొరికింది, బీమా ఏజెంటుది దొరికింది, పశువుల డాక్టరుదీ దొరికింది. ఫోటోలు, సీళ్ళు అన్నీ పక్కాగా ఉన్నాయి. ఆమెకి మరిదినని చెప్పే కార్డు ఒక్కటే డిపార్ట్‌మెంటు ఇంతవరకూ తయారుచేసి ఇవ్వలేదు.